యజమాని టోపీ పెట్టుకున్న బానిసలు

ఆదివారం వందన అయ్యాక విహారంలో పిల్లలను కూర్చోబెట్టి మేము ఒక గంట చరిత్ర చెబుతుంటాం. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు చెబితే ఆవులిస్తారు. ఆ మధ్య అమెరికా బానిసల కథలు మూడు చెప్పాం. ఆవులింతలు లేవు సరికదా, గంట దాటినా ఎవరూ లేవలేదు. చివరికి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: "అంతమంది కాపలా ఉండగా ఒక్కరూ గుర్తుపట్టలేదా సార్? వాళ్లకు కళ్లు లేవా?"

ఆ ప్రశ్నకు అక్కడికక్కడే ఏదో సమాధానం చెప్పాం కానీ మాకు తృప్తి కలగలేదు. అందుకే ఆ కథలనే ఇక్కడ మళ్లీ, కాస్త తీరిగ్గా రాస్తున్నాం. ఇవి కట్టుకథలు కావు, పుక్కిటి పురాణాలు అంతకన్నా కావు. ఆ మనుషులు బతికారు. వాళ్లలో కొందరు తమ కథను తామే పుస్తకాలుగా అచ్చు వేయించారు.

మొదటి కథ జార్జియా రాష్ట్రంలోని మేకన్ అనే ఊరిది. 1848లో అక్కడ ఎలెన్, విలియం క్రాఫ్ట్ అనే భార్యాభర్తలు ఉండేవారు. ఇద్దరూ బానిసలే, యజమానులు మాత్రం వేరు. ఎలెన్ తల్లి మరియా బానిస. తండ్రి ఆ తల్లిని కొనుక్కున్న తెల్ల దొరే. చూడటానికి ఎలెన్ పూర్తిగా తెల్లపిల్లలా ఉండేది. ఇంటికి వచ్చిన చుట్టాలు ఆమెను దొరసాని కూతురనుకుని పలకరించేవారట. దొరసానికి అది తలకొట్టేసినట్టుండేది. పదకొండేళ్లు రాగానే ఎలెన్‌ను తన సొంత కూతురి పెళ్లికి కానుకగా ఇచ్చి ఇంట్లోంచి పంపేసింది. అంటే ఒకే తండ్రి బిడ్డలైన అక్కాచెల్లెళ్లలో ఒకరు పెళ్లికూతురు, ఇంకొకరు పెళ్లికూతురి సామాను.

ఇందులో చట్టానికి అడ్డమేమీ లేదు. ఇంగ్లండు సంప్రదాయంలో బిడ్డకు తండ్రి హోదా వస్తుంది. అమెరికాలో వర్జీనియా వలస ప్రభుత్వం 1662లోనే దాన్ని తిరగేసి, బిడ్డ స్వేచ్ఛాజీవి అవునో కాదో తల్లిని బట్టే తేలుతుందని శాసనం చేసింది. దొర బానిస స్త్రీని చెరిచినా పుట్టిన బిడ్డ దొరకు ఆస్తే. తప్పు చేసినవాడి ఆస్తి తప్పు వల్లనే పెరిగేలా చట్టం రాసుకోవడానికి ఎంత తెలివి కావాలో! లా చదివిన రోజుల్లో ఈ సంగతి మాకు ఏ క్లాసులోనూ తగల్లేదు.

విలియం వడ్రంగి. బల్లలు, బీరువాలు చేయడంలో చెయ్యి తిరిగినవాడు. కూలిలో సింహభాగం యజమాని పట్టుకుపోయేవాడు. అంతకుముందు ఇంకో యజమాని పత్తి వ్యాపారంలో డబ్బు చాలక విలియంనూ అతని చెల్లెలినీ బ్యాంకులో తాకట్టు పెట్టాడు. బాకీ తీరలేదు. వేలంలో చెల్లెలు ఒక దిక్కుకు, అన్న ఒక దిక్కుకు పోయారు. తమకు బిడ్డ పుడితే ఆ బిడ్డకూ ఇదే గతి అని ఎలెన్‌కు తెలుసు. పారిపోదామన్న నిర్ణయానికి మూలం ఆ భయమే.

వాళ్లు వేసిన ఎత్తు వినండి. ఎలెన్ తెల్లగా ఉంది కనుక తెల్ల యజమానిగా ప్రయాణం చేయాలి. కానీ ఆ కాలంలో తెల్ల స్త్రీ నల్ల నౌకరును వెంటబెట్టుకుని ఒంటరిగా అంత దూరం వెళ్లదు. కాబట్టి మగవేషం వేయాలి. విలియం తలా ఒక కొట్లో తలా ఒక వస్తువు కొన్నాడు: పొడుగాటి టోపీ, కోటు, ఆకుపచ్చ కళ్లద్దాలు. ప్యాంటు ఎలెన్ స్వయంగా కుట్టుకుంది. జుట్టు కత్తిరించేశారు. గడ్డం, మీసం లేవే అంటారని పంటినొప్పి వచ్చినవాడిలా దవడ చుట్టూ కట్టు కట్టారు. ఇంకా ఒక చిక్కు మిగిలింది. హోటళ్లలో, ఓడరేవుల్లో రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఎలెన్‌కు రాయడం రాదు. బానిసలకు చదువు చెప్పడం ఆ రాష్ట్రంలో నేరం. (అదే 1848లో పూనాలో జ్యోతిబా, సావిత్రీబాయి ఆడపిల్లలకు బడి తెరిచారని గుర్తు చేసుకుందాం.) ఉపాయం ఎలెన్‌కే తట్టింది. కుడిచేతికి కట్టు కట్టి మెడకు వేలాడదీసుకుంది. చేతికి జబ్బు అయితే సంతకం ఎవరడుగుతారు?

క్రిస్మస్ సెలవులకని ఇద్దరూ తమ తమ యజమానుల దగ్గర చీటీలు రాయించుకుని డిసెంబరు 21న బయలుదేరారు. "మిస్టర్ విలియం జాన్సన్" అనే జబ్బుమనిషి వైద్యం కోసం ఫిలడెల్ఫియా వెళుతున్నాడు. సేవకు నౌకరు వెంట ఉన్నాడు. దొర తెల్లవాళ్ల పెట్టెలో, నౌకరు నల్లవాళ్ల పెట్టెలో. రైలు కదలబోతుండగా విలియం పనిచేసే కొట్టు యజమాని అనుమానంతో స్టేషనుకు వచ్చి పెట్టెలు వెతికాడు. విలియం ఉన్న పెట్టె చేరేలోపు రైలు కదిలింది. అటు ఎలెన్ పక్కన వచ్చి కూర్చున్నదెవరు? ఆమె యజమాని ఇంటికి భోజనానికి వచ్చే పాత స్నేహితుడు! ఆమెను చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు. ఆయన పలకరించాడు. ఎలెన్ చెవిటివాడిలా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆయన గొంతు పెంచాడు. మరీ తప్పనప్పుడు ఆమె ఒక్క మాట పలికింది. పాపం చెవుడు అనుకుని ఆయన వదిలేశాడు. భోజనాల బల్ల దగ్గర రోజూ తన వెనక నిలబడిన మనిషే పక్క సీట్లో ఉన్నా ఆయనకు తెలియలేదు.

స్టీమరు మీద ఇంకో తమాషా జరిగింది. నౌకరు ఏదో అందిస్తే "దొర" అలవాటు కొద్దీ థాంక్స్ చెప్పాడు. పక్కనున్న కుర్ర సైనికాధికారి వెంటనే సలహా ఇచ్చాడు: బానిసకు థాంక్స్ చెబితే పాడైపోతాడు, అలా చెప్పకూడదు అని. బానిసల వ్యాపారి ఒకడు విలియంను అమ్ముతావా అని బేరం పెట్టాడు. మరో రైల్లో ఒక పెద్దాయన జబ్బుమనిషి మీద జాలిపడి కీళ్లనొప్పుల మందు కాగితం మీద రాసిచ్చాడు. ఎలెన్ దాన్ని చూడకుండా మడిచి జేబులో పెట్టేసుకుంది. ఎందుకంటే చదువు రాదు. చదువుతున్నట్టు నటిద్దామంటే ఎక్కడ తలక్రిందులుగా పట్టుకుంటుందోనని భయం!

చార్లెస్టన్ రేవులో గుమాస్తా సంతకం కోసం పట్టుబట్టాడు. చేతికట్టు చూపించినా కరగలేదు. ఇంతలో స్టీమరులో పరిచయమైన అదే కుర్ర అధికారి వచ్చి ఈయన నాకు తెలుసని చెప్పాడు. బానిసకు థాంక్స్ చెప్పవద్దన్నవాడే ఇద్దరు బానిసలను గట్టెక్కించాడు. బాల్టిమోరులో గండం ఇంకా పెద్దది. బానిసను ఉత్తరాది రాష్ట్రానికి తీసుకెళ్లేవాడు అతను తన సొంత ఆస్తేనని రుజువు చూపాలి. రైలు అధికారి వీల్లేదన్నాడు. ఇద్దరి గుండెలూ ఆగినంత పనైంది. బండి గంట మోగింది. అధికారి ఒక్క క్షణం ఆలోచించి, పాపం జబ్బుమనిషి, పోనివ్వండి అన్నాడు. సాక్ష్యమేదీ? టోపీ, కోటు, కట్టు. కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లుగా చెబుతున్నాం, ఇంతకన్నా బలహీనమైన సాక్ష్యాలకు ఆమోదం దొరకడం మేము చూశాం.

డిసెంబరు 25 తెల్లవారుజామున ఫిలడెల్ఫియా చేరారు. నాలుగు రోజులు, దాదాపు 1000 మైళ్లు. డిసెంబరు 25 మన పాఠకులకు వేరే కారణంతో గుర్తుండే తేదీ. 1927లో అదే రోజున మహద్‌లో మనుస్మృతి కాలింది. ఈ రెండింటికీ సంబంధమేమీ లేదు, తేదీ కలిసిందంతే. కానీ మరో సంబంధం ఉంది. మహద్ సభలకు వచ్చిన మన స్త్రీలతో బాబాసాహెబ్ విడిగా మాట్లాడి, అంటరానివారని చూడగానే తెలిసేలా చేసే కట్టూ ఆ బరువు నగలూ వదిలేయండి, చీర పైకులాల వాళ్లు కట్టినట్టే నిండుగా కట్టండి అన్నారు. పెద్ద ఉద్యమం నడుస్తుంటే చీరకట్టు గురించి మాట్లాడటమేమిటని చాలా ఏళ్లు అనుకున్నాం. ఎలెన్ కథ చదివాక ఆ మాట బరువు తెలిసింది. మన ఊళ్లలోనూ అంతే కదా. పెద్దవీధిలో చెప్పులు చేతబట్టుకుని నడవమనేవారు. చెప్పులు కాళ్లకుంటే ఎవరు ఎవరో తేడా తెలియదని వాళ్ల బాధ.

మా సంగతే ఒకటి చెబుతాం. ఒక పట్టణంలో కోర్టుకు నల్లకోటు వేసుకుని వెళ్లిన రోజు బంట్రోతు లేచి నిలబడి తలుపు తీశాడు. వారం తర్వాత బస్తీ ఇళ్ల పట్టాల పని మీద మామూలు చొక్కాతో అదే తలుపు దగ్గరకు వెళితే, "ఏయ్, ఎక్కడికి?" అన్నాడు. కోపం వచ్చింది. తర్వాత నవ్వూ వచ్చింది. మొదటి రోజు కూడా అతను మమ్మల్ని చూడలేదన్నమాట!

క్రాఫ్ట్ దంపతుల కష్టం ఫిలడెల్ఫియాతో తీరలేదు. బోస్టన్‌లో విలియం వడ్రంగి కొట్టు పెట్టాడు, ఎలెన్ కుట్టుపని చేసింది. 1850లో పారిపోయిన బానిసల చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని న్యాయశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ చూడాలి. పట్టుబడిన మనిషికి తన తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు, జూరీ విచారణ లేదు. కేసు విన్న కమిషనరు, ఇతను బానిసేనని తేల్చి అప్పగిస్తే 10 డాలర్ల ఫీజు. కాదని విడిచిపెడితే 5 డాలర్లు. అప్పగిస్తే కాగితం పని ఎక్కువ కదా అని సమర్థించుకున్నారు. ఎలెన్, విలియంల యజమానులు ఆ చట్టం పట్టుకుని ఇద్దరు మనుషులను బోస్టన్‌కు పంపారు. ఊళ్లోని నల్లవాళ్లూ, బానిసత్వాన్ని ఎదిరించే తెల్లవాళ్లూ కలిసి ఆ ఇద్దరినీ వీధిలో నడవనివ్వకుండా చేసి వెళ్లగొట్టారు. అయినా చట్టం చట్టమే. దంపతులు సముద్రం దాటి ఇంగ్లండు వెళ్లాల్సి వచ్చింది. అక్కడ బడిలో చేరి చదువుకున్నారు. 1860లో తమ కథను పుస్తకంగా అచ్చు వేయించారు. ఎలెన్ దాస్యంలోకి తిరిగి రావాలనుకుంటోందని దక్షిణాది వాళ్లు పుకారు లేపితే ఆమె పత్రికకు ఉత్తరం రాసింది, ఇక్కడ పస్తులుండి చచ్చినా మేలేనని. సంతకం పెట్టలేక చేతికి కట్టు కట్టుకున్న మనిషి నాలుగేళ్లలో పత్రికకు ఉత్తరం రాసింది! అంతర్యుద్ధం ముగిశాక తిరిగి జార్జియాకే వెళ్లి, విముక్తులైన వాళ్ల పిల్లలకు బడి నడిపారు.

రెండో కథ క్లుప్తంగా చెబుతాం. వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో హెన్రీ బ్రౌన్ పొగాకు ఫ్యాక్టరీ పనివాడు. భార్య నాన్సీ వేరొకరి బానిస. ఆమెనూ పిల్లలనూ అమ్మకుండా ఉండేందుకు ఆమె యజమానికి ఇతను డబ్బు కట్టేవాడు. డబ్బు పుచ్చుకుని కూడా ఆ మనిషి 1848లో గర్భవతిగా ఉన్న నాన్సీనీ, ముగ్గురు పిల్లలనూ అమ్మేశాడు. గొలుసులు వేసి నడిపిస్తున్న గుంపులో భార్య చెయ్యి పట్టుకుని హెన్రీ కొంతదూరం నడిచాడు. ఆ తర్వాత వాళ్లను మళ్లీ కలుసుకోలేదు.

పోగొట్టుకోవడానికి ఇంకేం మిగల్లేదు. చట్టం తనను సామాను అంటోంది కదా, సామానుగానే వెళతానన్నాడు. 1849 మార్చిలో 3 అడుగుల పొడుగు, 2 అడుగుల వెడల్పు, 3 అడుగులకు కాస్త తక్కువ లోతు ఉన్న చెక్కపెట్టెలో ముడుచుకుని కూర్చుని, తనను తాను ఫిలడెల్ఫియాకు పార్సిల్ చేయించుకున్నాడు. పనికి సెలవు దొరకడానికి ముందుగా వేలు మీద యాసిడ్ పోసుకున్నాడు. తోడుగా కాసిని నీళ్లు, నాలుగు బిస్కట్లు. "ఈ వైపు పైకి, జాగ్రత్త" అని పెట్టె మీద రాసే ఉంది. కూలీలు పట్టించుకోలేదు. దారిలో చాలాసేపు తలక్రిందులుగానే ఉన్నాడు, కనుగుడ్లు పగిలిపోతాయేమో అన్నంత బాధ పడ్డాడు. 27 గంటల తర్వాత బానిసత్వ వ్యతిరేక సంఘం ఆఫీసులో మూత తెరిస్తే లేచి నిలబడి, ముందే అనుకుని ఉంచుకున్న కీర్తన పాడాడు. ఆనాటి నుంచి లోకానికి "బాక్స్" బ్రౌన్ అయ్యాడు.

ఇక్కడ మాకు ఒక సందేహం ఎప్పుడూ మెదులుతుంది. తప్పించుకున్న పద్ధతిని బ్రౌన్, అతని మిత్రులు ఊరూరా చాటారు. ఫ్రెడరిక్ డగ్లస్ దాన్ని తప్పుపట్టాడు. నోరు మూసుకుని ఉంటే ఏడాదికి వెయ్యి మంది బ్రౌన్‌లు పెట్టెల్లో వచ్చేవారు కదా అని ఆయన బాధ. నిజానికి బ్రౌన్‌ను పెట్టెలో పెట్టి పంపిన శామ్యూల్ స్మిత్ అనే తెల్ల చెప్పుల వ్యాపారి మళ్లీ ఇద్దరిని అలాగే పంపబోయి పట్టుబడి ఏళ్ల తరబడి జైల్లో మగ్గాడు. కానీ ఆ ప్రచారం చూసి ఉత్తరాదిలో ఎందరి మనసు మారిందో ఎవరు లెక్కగట్టారు? డగ్లస్‌దే న్యాయమని మాకు అనిపిస్తుంది. బ్రౌన్‌ను తప్పుపట్టడానికి మాత్రం నోరు రాదు.

మూడోవాడు రాబర్ట్ స్మాల్స్. 1839లో దక్షిణ కరోలినాలోని బ్యూఫోర్ట్ పట్టణంలో యజమాని ఇంటి వెనకపాకలో పుట్టాడు. పన్నెండేళ్లకే చార్లెస్టన్‌లో కూలికి పంపారు. నెల జీతం 16 డాలర్లు, అందులో 15 యజమానివి. హోటల్లో పనిచేసే హానాను పెళ్లాడాడు. ఆమెనూ బిడ్డనూ కొనుక్కోవడానికి 800 డాలర్లు కావాలన్నారు. కూడబెట్టింది 100.

అంతర్యుద్ధం మొదలయ్యాక "ప్లాంటర్" అనే దక్షిణాది సైనిక స్టీమరు మీద పని దొరికింది. చార్లెస్టన్ రేవులోని ఇసుకతిన్నెలు, మలుపులు అతనికి కొట్టినపిండి. మన గోదావరి లాంచీల మీదైతే అలాంటివాణ్ని సరంగు అంటాం. అక్కడ పైలట్ అనాలి. కానీ నల్లవాణ్ని పైలట్ అనకూడదట, అందుకని "చక్రం తిప్పేవాడు" అన్నారు. పని అదే, పేరు మాత్రం ఇవ్వరు. ఇది మనకు కొత్త కాదు.

ఒకరోజు తోటి పనివాడొకడు కెప్టెన్ గడ్డిటోపీ తీసి సరదాగా స్మాల్స్ తల మీద పెట్టి, అచ్చం కెప్టెన్‌లా ఉన్నావన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. స్మాల్స్ మాత్రం ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. 1862 మే 12 రాత్రి ముగ్గురు తెల్ల అధికారులూ ఆజ్ఞలను కాదని నిద్రకు ఒడ్డుకు వెళ్లారు. తెల్లవారితే 13. మూడు గంటలవేళ స్మాల్స్ ఓడ కదిలించాడు. ఇంకో రేవు దగ్గర ఆగి భార్యాబిడ్డలనూ, మిగతావాళ్ల కుటుంబాలనూ ఎక్కించుకున్నాడు. దొరికితే ఓడను ముంచేసి అందరూ కలిసి చావాలని ముందే అనుకున్నారు. కెప్టెన్ కోటు, గడ్డిటోపీ వేసుకుని, కెప్టెన్ నిలబడినట్టే చేతులు కట్టుకుని గదిలో నిలబడ్డాడు. వరసగా కోటలు. ఒక్కో కోట ముందూ సంకేతం ప్రకారం ఈల వేశాడు. అన్నిటికన్నా భయంకరమైనది సమ్టర్ కోట. తొందరపడితే అనుమానిస్తారని రోజూ వెళ్లే వేగంతోనే వెళ్లాడు. కాపలావాడు టోపీని చూశాడు, ఈల విన్నాడు, పొమ్మన్నాడు.

ఫిరంగి దెబ్బ దూరం దాటాక దక్షిణాది జెండా దించి, హానా తెచ్చిన తెల్ల దుప్పటి ఎగరేశారు. ఉత్తరాది యుద్ధనౌక పేల్చబోతూ ఆ దుప్పటి చూసి ఆగింది. ఓడ, ఫిరంగులు, రహస్య సంకేతాల పుస్తకం, పదహారు మంది మనుషులు ఒక్క గుండు పేలకుండా చేతికి వచ్చారు. సంకేతాల పుస్తకం తెచ్చిన స్మాల్స్‌కు అప్పటికి చదవడం రాదు.

ఆ సాయంత్రం మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉందనుకుంటాం. కాపలావాళ్లకు కళ్లున్నాయి. కానీ ఓడ నడిపే తెలివి నల్లవాడికి ఉండదని వాళ్లు నమ్మారు కనుక టోపీ కింద నల్లముఖం ఉండే అవకాశాన్నే వాళ్ల కళ్లు వెతకలేదు. స్మాల్స్‌ను చీకటి ఎంత కాపాడిందో ఆ నమ్మకమూ అంతే కాపాడింది.

తర్వాత స్మాల్స్ వాషింగ్టన్ వెళ్లి నల్లవాళ్లను సైన్యంలో చేర్చుకోవాలని యుద్ధమంత్రి స్టాంటన్‌ను కోరినవాళ్లలో ఒకడయ్యాడు. తాను పుట్టిన పాక ముందు ఉన్న యజమాని ఇంటినే పన్ను బాకీ వేలంలో కొన్నాడు. ఇంత చేసినా, 1864లో ఫిలడెల్ఫియాలో ట్రామ్ బండిలోంచి నల్లవాడని దింపేశారు. శత్రు ఓడను తెచ్చిన వీరుడు వానలో నడిచాడో ఎండలో నడిచాడో గానీ, నడిచే వెళ్లాడు. ఎలెన్, బ్రౌన్ స్వేచ్ఛ కోసం వెతుక్కుంటూ వచ్చిన ఊరే అది.

ఇక ఆయన అనే రాస్తాం. 1868లో రాష్ట్ర రాజ్యాంగ సభలో కూర్చుని, పిల్లలందరికీ ఉచితంగా ప్రభుత్వ బడి ఉండాలని ఆయన పట్టుబట్టారు. 1875 నుంచి 1887 మధ్య ఐదుసార్లు అమెరికా ప్రతినిధుల సభలో ఉన్నారు. లంచం కేసు పెట్టి శిక్ష వేయించారు, తర్వాత గవర్నరు క్షమించాడు. అది రాజకీయ కక్ష అని ఆయన చివరిదాకా అన్నారు. ఈ మనుషులు తెచ్చుకున్న విముక్తి వార్త సముద్రాలు దాటి మనదాకా వచ్చింది. 1873లో జ్యోతిబా ఫూలే తన గులాంగిరీని అమెరికాలో బానిసత్వాన్ని రద్దు చేసిన సజ్జనులకు అంకితమిచ్చారు. 1946లో బాబాసాహెబ్ డుబోయ్‌కు ఉత్తరం రాస్తూ నల్లవారి సమస్యను తాను శ్రద్ధగా చదివానన్నారు. ఫూలే అంకితం రాసిన కొన్నేళ్లకే దక్షిణ రాష్ట్రాల్లో పాత దొరలు తిరిగి గద్దెనెక్కారు.

1895లో దక్షిణ కరోలినాలో నల్లవాళ్ల ఓటు ఊడబెరకడానికి కొత్త రాజ్యాంగ సభ పెట్టారు. 160 మంది సభ్యుల్లో నల్లవాళ్లు ఆరుగురు. వారిలో స్మాల్స్ ఒకరు, అప్పటికి వయసు 56. తెల్ల, నల్ల జాతుల మధ్య పెళ్లి చెల్లదని, జాతి స్వచ్ఛత కాపాడాలని నిబంధన తెచ్చారు. స్మాల్స్ లేచి ఒక సవరణ ప్రతిపాదించారు: అలాగైతే నల్ల స్త్రీతో సంబంధం పెట్టుకున్న ఏ తెల్లవాడూ ప్రభుత్వ పదవిలో ఉండకూడదని కూడా రాయండి. ఎలెన్ తండ్రి లాంటి వాళ్ల కొడుకులు, మనవలు ఆ సభ నిండా ఉన్నారు. సభలో కలకలం రేగింది. సవరణ ఓడిపోయింది.